పులికాట్ ముఖద్వారం తవ్వితే ఒడ్డు పాళేలు బాగుపడతాయా?

పాళెం అబ్బాయి:
రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి, సముద్రం నీళ్లు పులికాట్ సరస్సులోకి వచ్చే ముఖద్వారం పూడుకుపోతోంది. పోటు నీళ్లు లోపలికి రాకపోతే రొయ్య పిల్ల రాదు, చేప రాదు. ఎండాకాలంలో మా పాళెం ముందు నీళ్లుండవు, పగుళ్లిచ్చిన బురదే. పడవలు బోర్లేసి కుర్రాళ్లు చెన్నైకి కూలికి పోతున్నారు. 2001లో మొదలైన ఫ్లెమింగో పండగకి స్టేజీలు, లైట్లు ఉంటాయి. ఆ డబ్బు ముందు తవ్వకానికి పెట్టాలంటాను. కలెక్టర్‌కి అర్జీ పెడుతున్నాం. మీరేమంటారు?

నెల్లూరు మాస్టారు:
ఈ పోస్టు నెల్లూరు విభాగంలో ఎందుకుంది? 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి.

పాళెం అబ్బాయి:
మాస్టారూ, నీళ్ల గురించి అడిగితే జిల్లా గురించి చెప్తారేంది! మా యాస వింటే ఏ జిల్లానో మీకే తెలుస్తుంది.

నెల్లూరు మాస్టారు:
యాస వేరు, గెజిట్ వేరు.

కాళంగి రైతు:
తవ్వండి తవ్వండి అంటారు, ఉప్పునీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఎవరైనా చెప్పారా? పక్కనోడు రొయ్యల గుంట తవ్వాక నా చేను చవుడు తేలింది. నారు పోస్తే ఎర్రబడి చచ్చింది. అడిగితే ‘నా పట్టా, నా ఇష్టం’ అన్నాడు. సరస్సుకి సముద్రపు నీళ్లొక్కటే చాలవబ్బా, కాళంగి నది నుంచి మంచినీళ్లు కూడా దిగాలి. వానలు లేని ఏడు ముఖద్వారం ఎంత తవ్వితే ఏం లాభం?

పాళెం అబ్బాయి:
అన్నా, గుంటల గొడవ వేరు, ముఖద్వారం వేరు. పోటుకి వచ్చిన నీళ్లు పాటుకి వెనక్కి పోతాయి. గుంటలో నీళ్లు పోవు కదా.

కాళంగి రైతు:
నా చేను చూసి మాట్లాడు.

పక్షి కెమెరా:
ఒక్క మాట. ఫ్లెమింగోలకి లోతు తక్కువ నీళ్లు కావాలి. ఎడాపెడా తవ్వేస్తే అవి వేరే చోటు చూసుకుంటాయి.

షార్ బస్సు:
సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు కట్ట సరస్సును రెండుగా కోసింది. ముందు దాని కింద తూములు పెంచమనండి.

దీవి బిడ్డ:
ఇంతసేపూ చదివాను. తవ్వితే రొయ్యలు వస్తాయి, నిజమే. ఎవరికి? రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట ఖాళీ అయినప్పుడు మా యానాది తాతలు ఇవతలి ఒడ్డుకి వచ్చారు. మాకు పడవ లేదు, వల లేదు. మా అమ్మ నడుంలోతు నీళ్లలో కూర్చుని, తాటాకు బుట్ట పళ్లతో కరిచి పట్టుకుని, రెండు చేతులా బురద తడిమి రొయ్యలు ఏరేది. పోయిన ఏడాది రొయ్య బాగా దిగిందని మా పక్క పాళెం కాపులు, అంటే పాళెం పెద్దలు, దురాయి (కట్టుబాటు) వేశారు, మా వాళ్లు నీళ్లలో దిగకూడదని. ఈ అర్జీకి సంతకాలు కూడా మా వీధికి రాలేదు.

పాళెం అబ్బాయి:
అక్కా, వల కట్టిన చోట బురద కెలికితే రొయ్య చెదిరిపోతుంది, వలలో పడదు. అందుకే దురాయి. వల వెయ్యడానికి వంతులు లేకపోతే అందరూ ఒకేచోట వేసి పిల్లాజెల్లా ఊడ్చేస్తారు.

దీవి బిడ్డ:
వంతులు వద్దన్నానా? ఆ వంతుల్లో మేమెక్కడున్నామని అడుగుతున్నా.

పాళెం అబ్బాయి:
వల ఉన్నోళ్లకి కదా వంతు. చేత్తో పట్టేవాళ్లకి వంతేంది?

దీవి బిడ్డ:
చూశారా, ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. సరస్సు అందరిదని అర్జీలో రాస్తారు, నీళ్లు మాత్రం వల ఉన్నోడివి.

షార్ బస్సు:
తమ్ముడూ, దీనికి జవాబు చెప్పకుండా తూములు, ముఖద్వారం అంటే కుదరదు.

పాళెం అబ్బాయి:
నన్నొక్కడినే నిలదీస్తే ఎట్టా? నేను కాపుని కాదు. మా నాయన అప్పు చేసి కొన్న వల చూరుకే వేలాడుతోంది. ఆ కడుపుమంటతో రాశాను. సరే అక్కా, మీ వీధి సంతకాలు కూడా తీసుకుంటాం.

దీవి బిడ్డ:
ఊరికే సంతకం పెట్టం. వారంలో మా వాళ్లు ఏ రోజులు దిగొచ్చో, ఏ పక్క దిగొచ్చో అర్జీకి ముందు మీ కాపులతో కాగితం మీద రాయించు.

పాళెం అబ్బాయి:
అది పాళెంలో కూర్చుని మాట్లాడాలి. ఒప్పుకుంటారని చెప్పలేను.

దీవి బిడ్డ:
అడుగు. ఏమన్నారో ఇక్కడే రాయి.