ఎంఎం 540 జీపు: హీటర్ ప్లగ్గులకి చేత్తో నొక్కే స్విచ్చు ఎలా కలపాలి?

లంబసింగి_జీపు:
అన్నలందరికీ నమస్కారం. మాది చింతపల్లి దగ్గర. బండి మహీంద్రా ఎంఎం 540, ప్యూజో ఎక్స్‌డీపీ ఇంజన్, 2112 సీసీ. సంతలకి కాఫీ, పసుపు బస్తాలు తోలతాను. ఎండాకాలం సెల్ఫ్ కొట్టగానే అందుకుంటాది. సంక్రాంతి ముందు మా వైపు చలి తెలుసు కదా, తెల్లారగట్ల నాలుగైదు డిగ్రీలకి దిగిందంటే ఇక ఉలకదు పలకదు. సెల్ఫ్ బాగానే తిరుగుతాది, సైలెన్సర్లోంచి తెల్లపొగ దట్టంగా వస్తాది, ఇంజన్ మాత్రం అంటుకోదు. మావోళ్లు గుడ్డని డీజిల్లో ముంచి, అంటించి, ఎయిర్ క్లీనర్ మూతి దగ్గర పెట్టి స్టార్ట్ చేస్తన్నారు. నాకు అది చూస్తేనే గుండె దడ.

స్టార్ట్ చేసే ముందు ఇంజన్ లోపల వేడెక్కే హీటర్ ప్లగ్గులకి కాసేపు కరెంటు ఇచ్చే హీటర్ టైమర్ పోయిందన్నాడు మెకానిక్. కొత్తది దొరకలేదని బ్యాటరీ నుంచి వైరు లాగి, డాష్‌బోర్డులో ఫాగ్ ల్యాంప్ స్విచ్చు బిగించి, అక్కణ్నుంచి నేరుగా ప్లగ్గులకి ఇచ్చేశాడు. వారం తిరక్కుండానే స్విచ్చు వెనక ప్లాస్టిక్ కరిగి కంపు కొట్టింది. పీకేశాను. పెద్ద స్విచ్చు ఎన్ని ఆంపియర్లది కొనాలి? వైరు ఏ సైజు?

గాజువాక_వైరింగ్:
తమ్ముడూ, నీకు కావలసింది పెద్ద స్విచ్చు కాదు, రిలే. అంటే బటన్ నుంచి చిన్న కరెంటు అందితే పెద్ద కరెంటుని కలిపే డబ్బా. ప్లగ్గుల కరెంటు డాష్‌బోర్డులోకి రానే కూడదు. చల్లటి ప్లగ్గులు నాలుగూ కలిసి మొదటి క్షణంలో 80 ఆంపియర్ల దాకా లాగగలవు, ఎర్రబడే కొద్దీ సగానికి దిగుతాయి. ఫాగ్ ల్యాంప్ స్విచ్చు దీనికి ఏ మూలకి? కరిగింది ప్లాస్టిక్కే, వైరింగ్ అంటుకోలేదు, సంతోషించు.

కానీ అంతకన్నా ముందు పని ఇంకొకటి ఉంది. తెల్లపొగ వస్తోందన్నావు చూడు, అదే అసలు గుర్తు. డీజిల్ సిలిండర్లోకి పోతోంది, కాలడం లేదు. పొగే రాకపోతే పైపులో గాలి పట్టిందేమో అని వేరే దారిలో వెతకమనేవాణ్ని. ఇప్పుడు ప్లగ్గుల మీద అనుమానం. టైమర్ పోయిందని అందరూ టైమర్ మీద పడతారు, ప్లగ్గు చూసేవాడు ఉండడు. రెండు ప్లగ్గులు చచ్చిపోయి ఉంటే నువ్వు బంగారు స్విచ్చు పెట్టినా బండి పొద్దున్నే లేవదు.

ప్లగ్గులు నాలుగింటినీ కలిపే లోహపు పట్టీ ఉంటుంది. నట్లు విప్పి దాన్ని పూర్తిగా పక్కకి తియ్యి. పట్టీ ఉండగా మీటర్ పెడితే ఏది బాగుందో ఏది పోయిందో తెలియదు. తీశాక ఒక్కో ప్లగ్గు తలకీ ఇంజన్ బాడీకీ మధ్య ఓమ్స్ చూడు. బాగున్నది ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తుంది. పోయినది ఏమీ చూపించదు. మీటర్ లేకపోతే టెస్ట్ ల్యాంప్ ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, రెండోది ప్లగ్గు తలకి పెట్టు. వెలిగితే ప్లగ్గు బతికుంది. కొనేటప్పుడు నాలుగూ ఒకే రకం 12 వోల్టులవి కొను, పాతవాటితో కలపకు.

ఇక వైరింగ్. 70 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే తీసుకో, రెండు పిన్నులు వెడల్పుగా ఉంటాయి. హారన్ రిలే ఇస్తాడు షాపువాడు, వద్దను. దాని పాయింట్లు అతుక్కుపోతాయి, నువ్వు బటన్ వదిలేసినా ప్లగ్గులు కాలుతూనే ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 80 ఆంపియర్ల స్ట్రిప్ ఫ్యూజు, అక్కణ్నుంచి రిలే మీద 30 అని రాసిన పిన్నుకి. 87 పిన్ను నుంచి అదే సైజు వైరు పట్టీకి. 85 ఎర్త్. 86కి బటన్ నుంచి సన్న వైరు చాలు. బటన్‌కి కరెంటు తాళం ఆన్ చేస్తే వచ్చే లైన్లోంచి తీసుకో, 5 ఆంపియర్ల ఫ్యూజుతో. అప్పుడు తాళం తీసి జేబులో వేసుకున్నాక ఎవడు నొక్కినా ఏమీ కాదు.

బటన్ స్ప్రింగుది అయి తీరాలి, వేలు తియ్యగానే వెనక్కి రావాలి. టిక్కుమని ఆన్లో ఉండిపోయే స్విచ్చు హీటర్‌కి పెట్టేవాడి చెయ్యి విరిచెయ్యాలి. ఇంకో మాట, 87 నుంచి ఒక సన్న వైరు డాష్‌బోర్డులో చిన్న బల్బుకి లాగు. బటన్ వదిలాక కూడా బల్బు వెలుగుతోందంటే రిలే అతుక్కుందని అర్థం. వెంటనే బ్యాటరీ తీసెయ్యి.

వాడకం: పది లెక్కపెట్టేదాకా నొక్కు, వెంటనే సెల్ఫ్. మంచి ప్లగ్గులైతే అంతకన్నా అక్కర్లేదు.

మిన్నెసోటా_డీజిల్:
గాజువాక అన్నగారి మాటకి ఇక్కణ్నుంచి సాక్ష్యం. నా దగ్గర పాత ఫోర్డ్ ఎఫ్-250 ఉంది, 7.3 లీటర్ల ఐడీఐ (డీజిల్ ముందు పక్క గదిలో అంటుకునే రకం), ఎనిమిది ప్లగ్గులు. ఆ కాలపు ట్రక్కులకి కంట్రోలర్ పీకేసి పుష్ బటన్ పెట్టుకోవడం ఇక్కడా మామూలే. ఎనిమిదింటికి మీ రిలే చాలదు, స్టడ్ బోల్టులున్న కంటిన్యుయస్ డ్యూటీ సాలినాయిడ్, అంటే ఎక్కువసేపు ఆన్లో ఉన్నా తట్టుకునే పెద్ద రిలే లాంటిది, వాడతాం. ఎక్కువసేపు కాల్చితే ప్లగ్గు ఆగిపోవడంతో సరిపోదు, కొస ఉబ్బుతుంది. ఉబ్బింది వచ్చిన దారిన బయటికి రాదు, బలవంతంగా తిప్పితే విరిగి లోపలే ఉండిపోతుంది. అప్పుడు హెడ్డు విప్పాల్సిన పరిస్థితి. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టొద్దని కూడా చెప్పండి, వేడి ప్లగ్గుకి తగిలితే పేలుతుంది.

కమాండర్_పాడేరు:
మా బండికి అసలు ఈ గోలే లేదు. మహీంద్రా ఎండీఐ ఇంజన్, ఎంత చలైనా రెండు సెల్ఫులకి లేస్తాది. ప్యూజో అమ్మెయ్ బ్రో.

గాజువాక_వైరింగ్:
ఎండీఐ డైరెక్ట్ ఇంజెక్షన్ బాబూ, డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడుతుంది, వేడి అంతగా పోదు. ప్యూజోలో ముందు పక్క గదిలో అంటుకుని తర్వాత సిలిండర్లోకి వస్తుంది. చల్లటి లోహం ఆ గదిలో వేడి మింగేస్తుంది కాబట్టి ప్లగ్గు కావాలి. నడకలో మాత్రం ప్యూజో మెత్తన. అడిగినవాడు అమ్మాలా అని అడగలేదు.

లంబసింగి_జీపు:
అన్నా, పట్టీ తీసి చూశాను. 3, 4 నంబర్లు చచ్చాయి, మిగతా రెండూ 0.9 చూపిస్తన్నాయి. నర్సీపట్నంలో నాలుగూ కొత్తవి, రిలే తెప్పించాను. నువ్వు చెప్పినట్టే కలిపాను. బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ దగ్గర 11.6 వోల్టులు, పట్టీ దగ్గర 9.2. ఇది మామూలేనా?

గాజువాక_వైరింగ్:
కాదు. రెండు వోల్టులకి పైగా దారిలో పోతోంది. అర వోల్టు దాటకూడదు. బటన్ నొక్కి ఉంచి, మీటర్ ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ముందు ఫ్యూజు అవతల, తర్వాత 30 మీద, ఆపైన 87 మీద, చివర పట్టీ మీద పెట్టి చూడు. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరితే అక్కడే జబ్బు. ప్రతిసారీ పది లెక్కే, మధ్యలో ప్లగ్గుల్ని కాసేపు చల్లారనివ్వు. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బ్లాకుకి మీటర్ పెట్టు. అక్కడ వోల్టు కనిపిస్తే ఎర్త్ పట్టీ తుప్పు.

లంబసింగి_జీపు:
30 దగ్గర దొరికింది. వైరు కొసకి వేసే లగ్గు సుత్తితో కొట్టి బిగించాడు కుర్రాడు, వైరు లోపల కదులుతోంది. పనిముట్టుతో గట్టిగా నొక్కి క్రింపింగ్ చేయించి మళ్లీ చూస్తే పట్టీ దగ్గర 11.1. రిలే ఎక్కడ బిగించమంటావు? ఇప్పుడు బ్యాటరీ పక్కనే వేలాడుతోంది.

గాజువాక_వైరింగ్:
ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ డ్రైవర్ వైపుకీ మధ్య రేకు) మీద ఎత్తుగా, పిన్నులు కిందకి చూసేట్టు. మీ దగ్గర మంచు బానెట్ లోపలికి కూడా దిగుతుంది, పిన్నుల్లో నీళ్లు నిలవకూడదు. 87 నుంచి పట్టీకి వెళ్లే వైరు ఎగ్జాస్ట్ వైపు తగలకుండా క్లిప్పులు వెయ్యి.