రోండా: పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలా, రాత్రి ఉండాలా?

రాధిక_కె: జూన్‌లో అమ్మానాన్నలతో స్పెయిన్‌లోని మలగలో ఉంటాం. అక్కణ్ణుంచి లోయ అంచున ఉన్న రోండా ఊరు చూడాలని. నాన్నకు మోకాళ్ల నొప్పి. రోండాకి ఒక్క రోజు సరిపోతుందా? కారా, బస్సా?

వాసు_మాడ్రిడ్: ధారాళంగా సరిపోతుంది. బస్సులో సుమారు రెండు గంటలు. 1793లో పూర్తయిన పెద్ద వంతెన, 1785 నాటి బుల్‌రింగ్ (ఎద్దులతో పోరాడే గుండ్రటి మైదానం), పక్కనే లోయ అంచున అలమేద పార్కు. ఒకదానికొకటి దగ్గరే, దారి దాదాపు చదును. నాలుగైదు గంటలు చాలు.

ఓరుగల్లు_శీను: వంతెన మీద నిలబడితే వంతెన కనపడదండీ! 98 మీటర్ల ఎత్తు తెలియాలంటే కింద లోయలోంచి చూడాలి. అక్కణ్ణుంచి కనపడే వంతెన మొహం పడమరకి, పొద్దునంతా నీడలోనే. జూన్‌లో పొద్దు గుంకేది తొమ్మిదిన్నర దాటాక. సాయంత్రం బస్సెక్కేవాళ్లకి ఆ వెలుగు దక్కదు.

వాసు_మాడ్రిడ్: మోకాళ్ల నొప్పి అంటుంటే లోయలోకి దింపుతారా? మరియా ఆక్సిలియాడోరా కూడలి నుంచి దిగే బాటంతా రాళ్లు, నీడ తక్కువ. దిగేటప్పుడు బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే ఆయాసం. రే మోరో ఇల్లు అనే పాత భవనం కింద నదిలోకి దిగే మెట్లూ వద్దు. రెండు వందల దాకా ఉంటాయి, తడి, జారుడు.

ఓరుగల్లు_శీను: నడవమని ఎవరన్నారు? మొలినోస్ రోడ్డు లోయలోకే వెళ్తుంది, టాక్సీలో దిగి చూసి అదే టాక్సీలో పైకి రావచ్చు.

లక్ష్మి_పి: కారైతే ఇండియా లైసెన్సుతో పాటు ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి. సముద్రతీరాన సాన్ పెద్రో నుంచి కొండెక్కే ఏ-397 రోడ్డు దాదాపు 50 కిలోమీటర్లు మలుపులే. కళ్లు తిరిగేవాళ్లుంటే అర్దాలెస్ మీదుగా ఏ-357, ఏ-367 పట్టండి.

ఓరుగల్లు_శీను: కారుంటే పక్కనున్న సెతెనిల్ ఊరు కూడా చూడొచ్చు, 20 కిలోమీటర్ల లోపే. కొండచరియే ఇళ్లకు కప్పు. బండి ఊరి బయటే పెట్టాలి, లోపల ఎదురుగా ఇంకో బండి వస్తే ఇక వెనక్కే. ఇవన్నీ ఒక్క రోజులో ఎలా?

వాసు_మాడ్రిడ్: ఆవిడ సెతెనిల్ అడగలేదు. ఒక్క రాత్రికి పెట్టెలు సర్దడం, మందులు వెతుక్కోవడం, కొత్త మంచం. ఆ వెలుగు మీ ఫొటోకి కావాలి, వాళ్లకి కాదు.

ఓరుగల్లు_శీను: ఫొటో మాట నేనెత్తానా? ఒకే రోజు రానూపోనూ నాలుగు గంటలు కూర్చోబెట్టి, మధ్యలో మిట్టమధ్యాహ్నం ఎండలో తిప్పడమేనా పెద్దవాళ్లని చూసుకోవడం? గది ఉంటే రెండు నుంచి ఆరు దాకా నడుం వాలుస్తారు. లేకపోతే కాఫీ హోటల్ కుర్చీయే గతి.

రాధిక_కె: నాన్నకి కావలసింది ఆ మధ్యాహ్నం పడకే. రాత్రి ఉంటాం. బస్సులోనే వస్తాం.

వాసు_మాడ్రిడ్: అయితే గది మెర్కదియో వైపు, అంటే కొత్త ఊళ్లో తీసుకోండి, బస్టాండు అటే. వంతెన అవతల పాత ఊళ్లో రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు వీధులు, చక్రాల పెట్టె లాగలేరు. లిఫ్టుందో లేదో ముందే అడగండి.