కవ్వం లేని చిలకడం: ఐర్లాండ్ వెన్న మాటలకు తెలుగు కావాలి

పాతకాలపు ఐర్లాండ్ పల్లె ఇళ్లలో వెన్న తీసే పద్ధతి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. రెండు రోజులుగా ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. వాళ్ల పాత్ర పేరు ఐరిష్‌లో 'కిన్యోగ్'. నిలువుగా ఉండే కొయ్య పీపా. మూత నడుమ చిల్లు, అందులోంచి పొడవాటి కర్ర, దాని కొసన చిల్లులున్న చెక్క. ఆ కర్రని పైకీ కిందికీ ఆడిస్తారు. తాడు లేదు, తిప్పడం లేదు. దీన్ని కవ్వం అంటే మనవాళ్లకి వేరే బొమ్మ కనిపిస్తుంది కదా?

— కవ్వం వదిలేయండి, చిలకడం మాత్రం వదలొద్దు. మా నాయనమ్మ మీగడని సీసాలో పోసి ఊపుతూ కూడా "చిలుకుతున్నానే" అనేది. వెన్న విడిపోయేలా కుదిపితే అది చిలకడమే. 'చిలికే కర్ర' అంటే అందరికీ అర్థమవుతుంది.

— వెన్న తీశాక మిగిలే 'బ్లాహఖ్'ని మజ్జిగ అని రాయకండి, దయచేసి. ఇప్పుడు మజ్జిగంటే పెరుగులో నీళ్లు కలిపినదే గుర్తొస్తుంది. 'చల్ల' అనండి. చల్లకొచ్చి ముంత దాచినట్టు అంటామే, ఆ చల్ల. అక్కడ పేదింట్లో బంగాళాదుంపల పక్కన ఉండేది అదే. వెన్నకి ఉప్పు పట్టించి అమ్మకానికి పంపేవాళ్లు. కార్క్ నగరంలో 1770లో మొదలైన వెన్న మార్కెట్ 1924 దాకా నడిచింది. వెన్న తీసిన ఇంట్లో మిగిలింది చల్లే.

చల్ల చాలా బాగుంది, అదే రాస్తాను. ఇంకో చిక్కు. చిలుకుతుండగా ఎవరైనా వస్తే "ఈ పని మీద దేవుడి దీవెన ఉండాలి" అని, కర్ర అందుకుని కాసేపు చిలకాలి. అలా చేయకుండా వెళ్లిపోతే వెన్న పడదని ఇంటివాళ్ల భయం. దీన్ని దిష్టి అనొచ్చా?

— వద్దండీ. దిష్టి చూపుతో తగులుతుంది. దిష్టి భయం వాళ్లకీ ఉంది, కానీ ఇది దొంగతనం భయం. మన పీపాలో పడాల్సిన వెన్న మంత్రంతో ఇంకొకరి పీపాలోకి పోతుందని. మే 1న ఇంట్లోంచి నిప్పు గానీ పాలు గానీ బయటికి ఇవ్వకపోవడం అందుకే. 'వెన్న ఎత్తుకుపోవడం' అని సూటిగా రాయండి.

అలాగే రాస్తాను. 'చిలికే కర్ర' మాత్రం ఇంకా కొత్తగా అనిపిస్తోంది. మీ వైపు పైకీ కిందికీ ఆడించి చిలికేదానికి పాత పేరేమైనా ఉంటే చెప్పండి.