అటవీ ఉద్యోగంలో ఏది పెద్ద పని: సమితులా, పులులా?

పాత_సెక్షన్ఆఫీసరు:
గార్డుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో సగం దేవరకొండ వైపు వన సంరక్షణ సమితులతో (అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడే ఊరి సంఘాలు), మిగతా సగం అమ్రాబాద్‌లో పులుల వెనుక గడిచింది. మొన్న సన్మాన సభలో వక్తలందరూ పులి గురించే మాట్లాడారు, సమితుల ఊసు ఎవరూ ఎత్తలేదు. నా లెక్కలో మొదటి సగమే పెద్ద పని. ఉమ్మడి రాష్ట్రంలో 1992లో సమితులు మొదలయ్యాయి. 2002లో ప్రపంచ బ్యాంకు రుణంతో సామాజిక అటవీ యాజమాన్యం అనే పథకం వచ్చింది. అంతకు ముందు గొడ్డలి కనబడితే కేసు రాసేవాళ్లం. ఆ తర్వాత అదే మనిషి పక్కన కూర్చుని, ఏ గుట్టకు కందకం తవ్వాలో అడిగి తెలుసుకున్నాం. మొద్దులను నేలకు సమంగా కోయించి, పశువులు పోకుండా కాపలా పెడితే చిరుమాను, నల్లమద్ది, తునికి మళ్లీ చిగిర్చాయి. ఇది తక్కువ పనా?

పులిజాడ:
సమితులు చెట్లను పెంచాయి గానీ అడవిని కాదండీ. పులికి కావలసినవి జింకలు, నీళ్లు, మనిషి అలికిడి లేని చోటు. శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూయడం వల్ల జరిగిన మేలు మీ పదేళ్ల సమావేశాల వల్ల జరగలేదు.

చందంపేట_తండా:
సెక్షన్ ఆఫీసరు గారికి ఒకే ప్రశ్న. సమితి ఊరిదే అయితే చెక్కు మీద రెండో సంతకం ఎవరిది?

పాత_సెక్షన్ఆఫీసరు:
మా శాఖది. దాచలేదు కదా. ప్రభుత్వ సొమ్ము పోతే జవాబు చెప్పాల్సింది మేము. ఒకచోట అధ్యక్షుడు కూలి డబ్బు తీసుకుని కనబడకుండా పోతే, ఆ బకాయి నా జీతంలోంచి నెలనెలా కోశారు. ఆ సంగతి ఏ సభలోనూ ఎవరూ చెప్పరు.

డిండి_వాగు:
మంచి చర్చ. కొనసాగించండి.

పెంట_మనిషి:
పులి జాడ చూపించే వాచర్లు మా చెంచులే. జాడ మాది, ఫోటోలో పేరు మాత్రం ఇంకొకరిది.

పులిజాడ:
వాచర్ల గొప్పతనాన్ని కాదనడం లేదు. కోర్ ప్రాంతంలోని (పులుల అడవి నడిబొడ్డున ఉన్న) పెంటలు, అంటే చెంచు గూడేలు, బయటికి వస్తేనే వన్యప్రాణులకు ఊపిరి ఆడుతుంది. కుటుంబానికి 15 లక్షలు ఇస్తున్నారు.

పెంట_మనిషి:
15 లక్షలకు మైదానంలో తేనె చెట్టు దొరుకుతుందా?

చందంపేట_తండా:
నా ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకా రాలేదు. డబ్బు సంగతి వదిలేయండి. తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గర ఉండేది? ఎవరు రాసేవారు?

పాత_సెక్షన్ఆఫీసరు:
ఊరివాళ్లలో రాయడం వచ్చినవారు తక్కువ కాబట్టి మేమే రాసేవాళ్లం, చదివి వినిపించేవాళ్లం. సంతకం, పుస్తకం, పెన్ను... ఇన్నేళ్ల పనిలో మీకు కనబడింది ఇంతేనా? కరువు వచ్చిన ఏడు మీ తండాలవాళ్లు ముంబైకి వలస పోకుండా కందకాల పని ఇప్పించింది ఎవరు? కడుపుకు కూడు దొరికినప్పుడు ఎవరూ సంతకం సంగతి అడగలేదు.

డిండి_వాగు:
పెద్దాయనా, ఆ చివరి మాట బాగాలేదు.

చందంపేట_తండా:
సరే, ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. 2003లో మా నాన్న దున్నుకుంటున్న నాలుగెకరాల పోడును సమితి తోటకు ఇస్తున్నట్టు తీర్మానం రాశారు. ఆయనకు చదువు రాదు. కూలి పట్టీ అనుకుని వేలిముద్ర వేశారు. మర్నాడు సొంత చేనులో నీలగిరి మొక్కలకు గుంతలు తవ్వి, దానికి కూలి తీసుకున్నారు! మీరన్న కడుపుకు కూడు అదే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉంటే పట్టా ఇస్తామన్నారు. ఆ నాటికి మా చేనులో సమితి బోర్డు ఉంది. పక్క గుట్ట మీద సమితిలో చేరకుండా మీతో కొట్లాడి, కేసులు పెట్టించుకుని దున్నినవాడికి పట్టా వచ్చింది. మీ మాట నమ్మిన మా నాన్నకు రాలేదు. అడవి చిగిర్చిందని మీరు రాసిన ప్రతిసారీ నాకు ఆ వేలిముద్రే గుర్తొస్తుంది.

పులిజాడ:
ఇది బాధాకరమే. కానీ పోడు వల్ల అడవి తరిగిందన్నది కూడా నిజమే కదా.

తునికాకు_కట్ట:
తండా సోదరా, అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఎం) చూడండి. ఆ తేదీకి ముందు చట్టవిరుద్ధంగా ఖాళీ చేయించి, పునరావాసం ఇవ్వకపోతే ప్రత్యామ్నాయ భూమి కోరే హక్కు ఉంది.

చందంపేట_తండా:
చూశాను. ఖాళీ చేయించలేదు, ఆయనే ఇష్టపడి ఇచ్చారని కాగితం చెబుతోంది. సాక్షి ఆ వేలిముద్రే.

పాత_సెక్షన్ఆఫీసరు:
రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. కూడు గురించి అన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. మీ ఊరు నా సెక్షన్‌లోది కాకపోవచ్చు. కానీ అలాంటి తీర్మానాలు నా చేతితోనూ రాశాను. తోటల రిజిస్టరులో విస్తీర్ణానికి, మొక్కల సంఖ్యకు, బతికినవాటికి గడులు ఉండేవి. అంతకు ముందు ఆ నేలను ఎవరు దున్నారో రాయడానికి గడి లేదు. ఎందుకు లేదని నేను పైవాళ్లను అడగలేదు.

చందంపేట_తండా:
గడి లేకపోతే అంచున రాసేందుకు చోటు ఉండేది కదా సార్.