కుండీల్లో మట్టి మిశ్రమం: మన ఎండకి, మన ఉప్పునీళ్లకి ఏం కలుపుతున్నారు?

ఒంగోలు మిద్దెతోట
అందరికీ నమస్తే అండి. మిద్దె మీద గ్రో బ్యాగుల్లో వంగ, టమాటా, గోంగూర వేద్దామనుకుంటున్నాం. రసాయన ఎరువులు వద్దు. వీడియోల్లో అందరూ మట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలపమంటున్నారు. మా చుట్టూ ఉన్నది నల్లరేగడి. బోరు నీళ్లేమో బకెట్టుకి తెల్లగా పొర కట్టే రకం. ఈ లెక్క మనకి సరిపోతుందా?

పెన్న ఒడ్డు, నెల్లూరు
అక్కా, ఆ లెక్క మొదలుపెట్టడానికి బాగానే ఉంటుంది, కానీ మీ నీళ్లతో కోకోపీట్ జాగ్రత్త. కొబ్బరి పొట్టులో ఉప్పు దానికదే ఉంటుంది. ఉప్పునీళ్లు కూడా తోడైతే ఆకుల అంచులు మాడతాయి. దిమ్మని నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ మంచినీళ్లు పోయండి. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పు ఎంతో చూపేది) ఉంటే సులువు: పోసిన నీళ్లకి, కిందికి దిగిన నీళ్లకి అంకెలో పెద్ద తేడా లేకుండా పోయేవరకు కడగాలి.

నేను వేసేది: ఎర్రమట్టి రెండు తట్టలు, బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు, కడిగిన కోకోపీట్ ఒక తట్ట, రైసుమిల్లు నుంచి నల్లగా కాలిన ఊక ఒక తట్ట. బ్యాగుకి రెండు గుప్పెళ్లు వేపపిండి. ఊక విషయంలో ఒక్కమాట. మిల్లుల దగ్గర తెల్లటి బూడిద కూడా ఇస్తారు, అది వద్దు. క్షారం ఎక్కువ, మెత్తగా ఉండి మట్టిని బిగిస్తుంది. బొగ్గులాగా నల్లగా, గింజ ఆకారం పోకుండా ఉన్నదే మట్టిని గుల్లగా ఉంచేది.

కందుకూరు వైపు రైతు
రేగడిని పూర్తిగా పక్కన పెట్టకండి. అచ్చంగా అదే నింపితే ఎండకి నెర్రెలిచ్చి, నీళ్లు పోస్తే పక్కనుంచి జారిపోతాయి, నిజమే. ఆరు తట్టల్లో ఒకటి పొడిచేసి కలిపితే మాత్రం రోహిణి కార్తెలో తేమ నిలుస్తుంది, పోషకాలు కూడా పట్టి ఉంచుతుంది.

ఇంకోటి. మా వైపు పొగాకు కాడలు, పొడి ఉచితంగా దొరుకుతాయని పురుగు రాదని కుండీల్లో కలుపుతుంటారు. టమాటా, మిరప, వంగ వేసేవాళ్లు దయచేసి కలపొద్దు. ఇవన్నీ పొగాకు కుటుంబమే. పొగాకులో వచ్చే మొజాయిక్ వైరస్ ఆకు ఎండిపోయినా చావదు. చేతులకి అంటుకుని కూడా మొక్కకి పాకుతుంది. పొగాకు గ్రేడింగుకి వెళ్లొచ్చినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కునే నారు ముట్టుకోవాలి.

కావలి టీచరమ్మ
పొగాకు సంగతి చాలామందికి తెలియదు, చెప్పి మంచిపని చేశారు. పశువుల ఎరువు మాగిందో లేదో ఇలా చూస్తాను: గుప్పెడు తడిపి కవర్లో కట్టి నీడన ఉంచుతాను. నాలుగైదు రోజులకి విప్పితే ఘాటు కొడితే ఇంకా పచ్చిదే, మొక్క వేరు కాలుతుంది. మట్టివాసన వస్తే సరే. కొమ్ముపురుగు గుడ్లు, దాని తెల్లటి పిల్లపురుగులు కూడా పచ్చి పెంటలో వస్తుంటాయి, జల్లించి చూసుకోండి.

ఎండుతెగులుకి ట్రైకోడెర్మా విరిడి (తెగులుని అణచే మేలు చేసే శిలీంధ్రం పొడి) వాడండి. 90 కిలోల ఎరువు, 10 కిలోల వేపపిండికి కిలో పొడి చొప్పున కలిపి, తడి చల్లి, గోనెపట్టా కప్పి వారం పది రోజులు నీడలో ఉంచాలి. మనకి అంత అక్కర్లేదు, అదే నిష్పత్తిలో పదో వంతు చాలు.

ఒంగోలు మిద్దెతోట
చాలా థాంక్స్ అండి. బ్యాగు అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయంటున్నారు, వెయ్యమంటారా?

పెన్న ఒడ్డు, నెల్లూరు
వద్దక్కా. నీళ్లు రాళ్ల పైనే, మట్టి అడుగున నిలబడతాయి. వేరుకి చోటు తగ్గడం, మిద్దెకి బరువు పెరగడం తప్ప ఫలితం లేదు. ఒక ఘనపుటడుగు తడిమట్టే దాదాపు 50 కిలోలు తూగుతుంది. రంధ్రం మీద పెంకుముక్క ఒకటి చాలు. మనకి అసలు పరీక్ష ఎండాకాలం కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుపాను వానలు. అప్పటికి బ్యాగు పక్కన, అడుగుకి అంగుళం పైన మరో రెండు రంధ్రాలు పెట్టండి. వానలకి పోషకాలు కొట్టుకుపోతాయి కాబట్టి తెరిపివ్వగానే పైన ఘనజీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండితో చేసే పొడి ఎరువు) రెండు గుప్పెళ్లు చల్లి ఎండుటాకులు కప్పాలి. ఆ వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోండి, మీ బోరు నీళ్లతో కలిపి పోస్తే ఉప్పు పల్చబడుతుంది.

కనిగిరి నుంచి
పాత మట్టి పారేయకండి. పంట అయ్యాక వేర్లు ఏరి, మే ఎండలో తడిపి పలచటి ప్లాస్టిక్ కవరు కప్పి నెలరోజులు ఉంచితే తెగులు చాలావరకు పోతుంది. మూడో వంతు కొత్త ఎరువు కలిపి వాడొచ్చు. వంగ తీసిన మట్టిలో మళ్లీ టమాటా, మిరప పెట్టకుండా గోంగూరో బెండో వేయండి.

కావలి టీచరమ్మ
గోంగూరకి 9 అంగుళాల లోతు చాలు, వంగకి మాత్రం 15 అంగుళాల బ్యాగు తీసుకోండి. కలిపిన మట్టిని తడిపి పది రోజులు కప్పి ఉంచాక, కొంచెం చిన్న డబ్బాలో పోసి మెంతులు చల్లండి. అవి నిటారుగా, ఆకుపచ్చగా లేస్తేనే నారు నాటండి. మొలక మాడితే ఎరువు ఇంకా మాగలేదో, కోకోపీట్‌లో ఉప్పు మిగిలిందో అనుకోవాలి.