చర్చ: ‘డాక్టర్ హూ’ తన గతాన్ని తానే తిరగరాసుకోవచ్చునా?

నల్లగొండ ప్రేక్షకుడు:

మిత్రులకు నమస్కారం. ఇదివరకే పలుమార్లు నలిగిన ప్రశ్నను మళ్లీ ఎత్తుతున్నాను. పోయిన ఆదివారం పదేళ్ల మా బిడ్డ నా పక్కన కూర్చొని ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ టీవీ సీరియల్ చూస్తూ, “నాన్నా, డాక్టర్‌కు ఇంకా ఎన్ని ప్రాణాలున్నాయి?” అని అడిగింది. పదేళ్ల కిందట అయితే వేళ్లు మడిచి లెక్క చెప్పేవాణ్ణి. ఈసారి నాకు జవాబు దొరకలేదు, ఆ దొరకకపోవడమే అప్పటి నుంచి మనసులో ముల్లులా ఉంది.

2020 మార్చి 1న వచ్చిన ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’ అనే ఎపిసోడ్ గురించి నేను మాట్లాడుతున్నానని పాతవారికి అర్థమై ఉంటుంది. కొత్తవారి కోసం చెబుతాను. గాలిఫ్రే గ్రహంలో పుట్టిన టైమ్ లార్డ్ (కాలంలో ప్రయాణించే జాతివాడు) అని అంతవరకు మనం నమ్మిన కథానాయకుడు డాక్టర్, అసలు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియని ఒక అనాథ శిశువని, ఆ శిశువును చేరదీసిన టెక్టియూన్ అనే శాస్త్రవేత్త ఆ పసిదేహంలోని, చావు దగ్గరపడితే రూపం మార్చుకొని బతికే శక్తిని పరిశోధించి తన జాతివారందరికీ పంచిందని, ఆ తరువాత డాక్టర్ తొలి జన్మల జ్ఞాపకాలన్నిటినీ చెరిపివేశారని ఆ ఎపిసోడ్‌లో తేల్చారు. అంటే 1963లో మనం చూసిన మొదటి డాక్టర్ మొదటివాడు కాడు. ఆయనకు ముందు ఎందరున్నారో లెక్కే లేదు.

నేను మార్పుకు వ్యతిరేకిని కానని ముందే మనవి చేసుకుంటాను. ఈ సీరియల్ ఇంతకాలం బతికింది మార్పు వల్లనే. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైనప్పుడు డాక్టర్‌గా నటించిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం మూడేళ్లకే క్షీణించింది. నటుడు తప్పుకుంటే సీరియల్‌ను ఆపేయకుండా, ఆ పాత్ర శరీరమే మారిపోతుందని 1966లో కథలోనే చెప్పి పాట్రిక్ ట్రౌటన్‌ను తీసుకొచ్చారు. అవసరం కొద్దీ పుట్టిన ఆ ఉపాయమే తరువాత రీజనరేషన్ అన్న పేరుతో సీరియల్‌కు ఊపిరి అయింది.

డిగ్రీ చదివే రోజుల్లో రామగిరిలోని మా అద్దె గదికి ఒక స్నేహితుడు హార్డ్ డిస్క్ పట్టుకొచ్చాడు. ముగ్గురం ఒకే మంచం మీద కూర్చొని, అప్పటి డాక్టర్ డేవిడ్ టెనెంట్ వెళ్లిపోయే ఎపిసోడ్ చూశాం. ఆయనకు వెళ్లాలని లేదు. ఆ మాట అనే వెళ్లాడు. ఆయన స్థానంలో వచ్చిన మ్యాట్ స్మిత్ ముఖం చూడనని పట్టుబట్టి నేను రెండు రోజులు ఆ గదిలో కంప్యూటర్ ముట్టలేదు. మూడో రోజు చూస్తే, ఆ కొత్తాయన ఒక చిన్నపిల్ల ఇంటి వంటగదిలో కూర్చొని చేప ముక్కలను కస్టర్డ్‌లో ముంచుకొని తింటూ, గోడలోని పగులు చూసి భయపడుతున్న ఆ పిల్లకు ధైర్యం చెబుతున్నాడు. అరగంటలో ఆయన నావాడైపోయాడు. పోయినవాణ్ణి మరిచిపోకుండానే వచ్చినవాణ్ణి ప్రేమించడం నాకు ఈ సీరియల్ నేర్పింది. అందుకే మా బిడ్డకు కూడా చూపిస్తున్నాను. చూడనప్పుడు మాత్రమే కదిలే రాతి దేవదూతలున్న ‘బ్లింక్’ ఎపిసోడ్ చూసిన మరుసటి వారం పానగల్లు మ్యూజియానికి తీసుకువెళితే, అక్కడి శిల్పాలకు వీపు చూపకుండా గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడిచింది. 2007 నాటి ఎపిసోడ్ ఒకటి పానగల్లు రాళ్లకు ప్రాణం పోయగలిగిందంటే ఆ రాసినవారికి చేతులెత్తి మొక్కాలి.

ఇక నా బాధ ఏమిటంటే, ముందుకు మారడం వేరు, వెనక్కి వెళ్లి పునాది మార్చడం వేరు. టైమ్ లార్డ్ పన్నెండు సార్లు మాత్రమే రూపం మార్చుకోగలడని 1976లో చెప్పారు. ఆ హద్దు ఉన్నందువల్లనే ప్రతి వీడ్కోలుకూ బరువు ఉండేది. 2013లో ఆ లెక్క నిండిపోయింది. ఆఖరి ప్రాణంతో మిగిలిన డాక్టర్ ఒక చిన్న ఊరిని కాపాడుతూ వందల ఏళ్లు అక్కడే ఉండి, కర్ర పట్టుకొని నడిచే ముసలివాడై, ఇక చావే మిగిలిందని తెలిసి శత్రువుకు ఎదురు నిలబడ్డాడు. టైమ్ లార్డ్స్ ఆయనకు కొత్త ప్రాణాలను దానం చేసినప్పుడు నేను ఏడ్చాను. ఆ ప్రాణాల మూలమే ఆయన దేహమని 2020లో చెబితే, నా ఆ కన్నీళ్లకు చోటెక్కడ?

మరొక మాట. 1960ల నాటి ఎపిసోడ్‌ల టేపులను బీబీసీయే చెరిపివేసింది. వాటిలో తొంభైకి పైగా ఎపిసోడ్‌ల బొమ్మ నేటికీ దొరకలేదు. కానీ ధ్వని మాత్రం ప్రతి ఎపిసోడ్‌కూ మిగిలింది, ఎందుకంటే ఆనాటి అభిమానులు టీవీ ముందు టేపు రికార్డరు పెట్టుకొని ఇళ్లలో రికార్డు చేసుకున్నారు. తీసినవారు పారేసిన గతాన్ని చూసినవారు దాచిపెట్టారు. అటువంటప్పుడు ఈ కథ గతం మీద సర్వహక్కులూ ఆయా కాలపు రచయితవేనని ఒప్పుకోవడం నాకు సాధ్యం కావడం లేదు.

పాలమూరు మర్రి:

మీ ఆవేదన నిజాయితీగా ఉంది, కానీ వాదనలో ఒక లోపం ఉంది. మీరు పునాది అంటున్నది మొదటి రోజున వేసిన పునాది కాదు. 1963లో టైమ్ లార్డ్స్ అన్న మాటే లేదు. అది 1969లో వచ్చింది. డాక్టర్‌కు రెండు గుండెలున్నాయని 1970లో తెలిసింది. గాలిఫ్రే అన్న పేరు అంతకంటే తరువాతది. మీరు ప్రాణంగా చూసుకునే ఆ పన్నెండు లెక్క కూడా సీరియల్ మొదలైన పదమూడేళ్లకు ఒక రచయిత చేర్చినదే. అంతెందుకు, అదే 1976లో వచ్చిన ‘ది బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్’ కథలో హార్ట్‌నెల్ ముఖం తరువాత తెర మీద మరికొన్ని ముఖాలు కనిపిస్తాయి. వాటిని అంతకుముందరి డాక్టర్ల ముఖాలుగానే ఆనాటి నిర్మాణ బృందం ఉద్దేశించింది. 2020లో చేసింది ఆ పాత విత్తనానికి నీళ్లు పోయడమే.

మా ఊరి పిల్లలమర్రిని మీరు చూసే ఉంటారు. ఏడు వందల ఏళ్ల చెట్టని చెబుతారు. అందులో ఏది తల్లి మొదలో, ఏది ఊడ దిగి మానైందో గుర్తుపట్టడం కష్టం. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడినప్పుడు, 2018లో, మనుషులకు సెలైన్ ఎక్కించినట్లు కొమ్మలకు సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. చిన్నప్పుడు నేను ఊయల ఊగిన ఊడకు అలా సీసా వేలాడుతుంటే చూసి నిలబడిపోయాను. ఆ రోజు అక్కడ ఎవరూ తల్లి మొదలు ఏదని అడగలేదు, చెట్టు బతకాలని చూశారు. ఈ సీరియల్‌ను కూడా నేను అట్లాగే చూస్తాను.

మీరు చెప్పిన 2013 ఘట్టం విషయానికి వస్తే, ఆ ముసలి డాక్టర్‌కు తన అసలు పుట్టుక తెలియదు కదా. ఇదే ఆఖరు అని నమ్మే ఆయన నిలబడ్డాడు. తెలియని సంపద మనిషి ధైర్యాన్ని ఎట్లా తగ్గిస్తుంది?

నల్లగొండ ప్రేక్షకుడు:

ధైర్యం తగ్గదన్న మీ మాటను ఒప్పుకుంటున్నాను. అది నాకు తట్టలేదు. అయితే 1969లోనూ 1970లోనూ చేసింది ఖాళీగా ఉన్న గోడ మీద బొమ్మ గీయడం. 2020లో చేసింది గీసి ఉన్న బొమ్మ మీద సున్నం కొట్టడం. పిల్లలమర్రికి మందు పట్టినవారు కొత్త ఊడలు నేల పట్టేందుకు సాయం చేశారే తప్ప, ఇది అసలు మర్రే కాదని చెప్పలేదు. అంతులేని ప్రాణాలున్నవాడి వీడ్కోలును ఇక ముందు మనం ఏ గుండెతో చూడాలన్నదే నా ప్రశ్న.

మిర్యాలగూడ వాసి:

నేను చూడడం మానేసి చాలాకాలమైంది, కనుక క్లుప్తంగా చెబుతాను. 1989లో ఈ సీరియల్ ఆగిపోయింది. మధ్యలో 1996లో ఒక్క టీవీ చిత్రం తప్ప, 2005 మార్చి దాకా ఏమీ రాలేదు. ఆ విరామం తరువాత వచ్చినది ఎంత తాజాగా ఉందో మనకు తెలుసు. 2025 మే 31 నాటి ఎపిసోడ్‌లో డాక్టర్‌గా నటించిన షూటి గట్వా రూపం మారి నటి బిల్లీ పైపర్ ముఖం కనిపించడం, అదే ఏడాది డిస్నీ ప్లస్‌తో ఈ సీరియల్ భాగస్వామ్యం ముగియడం చూశాక, మళ్లీ కొన్నేళ్లు పడావు పెట్టడమే మంచిదని నాకు అనిపిస్తున్నది. పొలమైనా అంతే కదా.

డిండి గట్టు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను పెంపుడు బిడ్డను. ఆ సంగతి నాకు పదిహేడో ఏట, ఇంటర్ పరీక్షల తరువాత, ఒక పెళ్లిలో దూరపు బంధువు నోరు జారితే తెలిసింది. ఆ రాత్రి మా అమ్మ నా తల దువ్వుతూ ఒక్కొక్క మాటే చెప్పింది. నన్ను ఇంటికి తెచ్చుకున్నప్పటి కాగితాలు బీరువాలో గోధుమరంగు కవరులో ఉన్నాయని, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోమని చెప్పింది. అప్పటి దాకా నాదనుకున్న ఇంటిపేరు, మా తాత పోలికలు నాలో ఉన్నాయని అందరూ అన్న మాటలు, అన్నీ ఒక్కసారిగా కదిలిపోయాయి.

కనుక నల్లగొండ అన్నగారూ, మీరు సున్నం కొట్టారని అంటున్న చోట నేను నన్ను చూసుకున్నాను. గతం వెనక్కి వెళ్లి మారడం కథల్లో రచయితలు చేసే అన్యాయం మాత్రమే కాదు, కొందరి జీవితాల్లో నిజంగా జరుగుతుంది. ఆ ఎపిసోడ్‌లో, అప్పటికి స్త్రీ రూపంలో ఉన్న డాక్టర్ నిజం తెలిసి కుంగిపోయి, జో మార్టిన్ పోషించిన తన మరిచిపోయిన పూర్వరూపంతో మాట్లాడి లేచి నిలబడుతుంది. తెలియక ముందు తాను ఎవరో తెలిసిన తరువాత కూడా తాను అదే మనిషినని ఆమె గ్రహించిన క్షణాన్ని నేను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

2021 డిసెంబరులో వచ్చిన తరువాతి సీజన్ ముగింపు చాలామందికి నచ్చలేదని తెలుసు. చెరిపివేసిన జ్ఞాపకాలన్నీ ఉన్న జేబు గడియారం చేతికి వచ్చినా డాక్టర్ దాన్ని తెరవదు. తాను నిజంగా అడిగితే తప్ప తనకు దొరకకుండా దాచమని చెప్పి, తన కాలనౌక అయిన టార్డిస్ లోపలికి జారవిడుస్తుంది. ఇది రచయిత పిరికితనమని ఇక్కడే చాలామంది రాశారు. నాకు ఇప్పుడు ముప్పై ఒక్క ఏళ్లు. ఆ కవరు ఇంకా బీరువాలోనే ఉంది.

నల్లగొండ ప్రేక్షకుడు:

చెల్లెమ్మా, మీ ఉత్తరం నిన్న రాత్రి చదివి, జవాబు రాయడానికి ఈ సాయంత్రం దాకా ఆగాను. గడియారం తెరవకపోవడం పిరికితనమని రాసినవారిలో నేనూ ఉన్నాను. ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ శిశువు కథ అనవసరమని కూడా ఇక అనను.

అయినా నా అభ్యంతరం ఒకటి మిగిలే ఉంది, దాన్ని దాచుకుంటే మీకు మర్యాద చేసినట్లు కాదు. అనాథ శిశువు కథను చెప్పడానికి ప్రాణాల లెక్కను చెడగొట్టవలసిన పని లేదు. ఆ బిడ్డను గాలిఫ్రే వారు పెంచుకున్నారన్నంత వరకు చెప్పి, ఆ జాతి శక్తికి ఆమే మూలమన్న భారాన్ని మోపకుండా ఉంటే, మీరు చూసుకున్న అద్దం మీకు దక్కేది, నా పన్నెండు నాకు మిగిలేది. పెంచుకున్న బిడ్డ గొప్పదై ఉండాలన్న నియమం ఎందుకు? మామూలు బిడ్డ అయితే ఆ కథకు విలువ తగ్గేదా? పాలమూరు వారు దీనికి ఏమంటారో వినాలని ఉంది.

మా బిడ్డకు ఇవాళ అన్నం తినేటప్పుడు జవాబు చెప్పాను. ఎన్ని ప్రాణాలో డాక్టర్‌కు కూడా తెలియదని, ఆ సంగతి ఉన్న గడియారాన్ని తెరవలేదని చెప్పాను. ముద్ద చేతిలో పట్టుకొని, “ఎందుకు తెరవలేదు?” అని అడిగింది. ఈ ఆదివారం ఆ ఎపిసోడ్ పెడతానన్నాను.