సమస్యాపూరణం: వెలుగె లోకమునకు విలయ మయ్యె

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

వెలుగె లోకమునకు విలయ మయ్యె

వస్తువు: వీడియోగేముల కలగలుపు కథలు. ఒక గేము వీరులు మరో గేము లోకంలోకి వచ్చి పడే కథలు కావచ్చు, గేముల బొమ్మలనే తీసి అతికించి అల్లిన వెబ్‌కామిక్కులు కావచ్చు. విలన్ మాత్రం ఉండాలి. ఎవరికి ఇష్టమైన కథ వారు తీసుకోండి, షరతు మాత్రం ఒకటుంది. మంచికి గుర్తుగా మనం చెప్పుకునే వెలుగు ఎందుకు చెడ్డదైందో ఆ కథలోంచే తేలాలి. ఏదో శాపాన్ని, ఏదో మాయని బయటినుంచి తెచ్చి తగిలిస్తే పూరణగా ఒప్పుకోను. విలన్ల గురించి అభిమానులు కట్టే ఊహల్ని కూడా నేను ఇలాగే తూస్తాను. కథలో కనబడ్డ ఆధారాలకి లెక్క చెప్పిన ఊహే నిలబడుతుంది.

కొత్తవాళ్ళ కోసం: సూర్యగణాలంటే గలం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు). ఇంద్రగణాలంటే నలం, నగం, సలం, భగణం, రగణం, తగణం. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. ప్రాసయతి (వాటి తర్వాతి అక్షరాలు కలవడం) కూడా చెల్లుతుంది.

విశాఖ చెల్లెలు:
అన్నయ్యా, సమస్య చూడగానే గాలీమ్ అనే వెలుగు రూపపు విలన్ గుర్తొచ్చింది. 2018లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ (రకరకాల గేముల వీరులు తలపడే గేము)లో ‘వరల్డ్ ఆఫ్ లైట్’ కథ. కొండ అంచున వీరులంతా నిలబడి ఉంటారు, ఎదురుగా మాస్టర్ హ్యాండ్‌లనే పెద్ద చేతుల సైన్యం. గాలీమ్ వాటన్నిటినీ తనలోకి లాక్కుని కాంతిరేఖల్ని వదులుతుంది.

వీరు లెల్లఁ గరగి వెలుగుదారములందు
బొమ్మ లైరి, మిగిలిపోయెఁ గిర్బి
తార నెక్కి, యింత దారుణ మొనరింప
వెలుగె లోకమునకు విలయ మయ్యె.

భీమవరం మాష్టారు:
అమ్మాయీ, గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. ‘వెలుగుదారములు’ నాకు చాలా నచ్చింది. పికాచు చెయ్యి అందుకుందామని సోనిక్ చూసేలోపు ఇద్దరూ మాయమైపోయే దృశ్యం కళ్ళముందు కదిలింది. ఒక్క సందేహం మాత్రం ఉంది. ద్రుతం మీద పరుషానికి సరళం (‘క’కి ‘గ’) రావాలి కనక ‘పోయెఁ గిర్బి’ అన్నావు. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. కానీ తార నెక్కి తప్పించుకున్న ఆ పాత్ర పేరు కిర్బీ. పేరు తెలియనివాడు ‘గిర్బి’ అనే చదువుకుని, అలాగే గుర్తు పెట్టుకుంటాడు.

నిర్వాహకుడు:
మాష్టారూ, మంచి మాట ఎత్తారు. పరభాషా పేర్లకి సరళాదేశం చెయ్యాలా వద్దా అన్నది ఇక్కడ ఎప్పుడూ తేలని తగువు. ఈ వారానికి నేను తేల్చేస్తున్నాను: పాత్రల పేర్ల మొదటి అక్షరం ముట్టుకోవద్దు. ‘మిగిలిపోయె కిర్బి’ అనే ఉంచుదాం, గణం మారదు.

ఇక చెల్లెమ్మా, పద్యం శుభ్రంగా ఉంది కానీ నా షరతుకి సగమే జవాబు చెప్పింది. వెలుగు ఏం చేసిందో చెప్పావు, ఎందుకు చేసిందో చెప్పలేదు. మూడో పాదంలో ‘ఇంత దారుణం’ అన్నది జరిగినదానికి మళ్ళీ పేరు పెట్టడమే. ఆ చోటు కారణానికి వదిలితే బాగుండేది.

విశాఖ చెల్లెలు:
ఒప్పుకుంటాను అన్నయ్యా. నిజానికి గాలీమ్ ఉద్దేశమేమిటో ఆ కథలో ఎక్కడా విప్పి చెప్పరు. అందరినీ బందీలుగా పట్టి, వాళ్ళ నకళ్ళలో ఆత్మలు నింపి తనకు కావలసిన లోకం కట్టుకుంటుంది. చీకటి రూపం డార్కాన్ తర్వాత వస్తుంది. నా ఊహ ఏమిటంటే, ఆ రెండూ ముందునుంచీ ఒకదాన్నొకటి ఆపుకుంటూ ఉన్నవే. ముగింపులు మూడు ఉంటాయి. గాలీమ్‌ని మాత్రమే గెలిస్తే చీకటి కమ్ముతుంది. డార్కాన్‌ని మాత్రమే గెలిస్తే వెలుగు కమ్ముతుంది. రెంటినీ ఓడిస్తేనే లోకం మిగులుతుంది. అందుకే ఇంకోటి రాశాను:

చీఁకటిని వధించి చిందులు వేయంగ
మిగిలినట్టి దొకటె మింటఁ గమ్మె;
జంట చావకున్న జగతికి శాంతేది?
వెలుగె లోకమునకు విలయ మయ్యె.

నిర్వాహకుడు:
ఇదమ్మా పూరణంటే! చీకటిని చంపిన సంబరంలో ఉన్నవాడి నెత్తిన వెలుగు పడటం. ‘మిగిలినట్టి దొకటె’ దగ్గర ఆగి, ఆ మిగిలింది ఏమిటో నాలుగో పాదం దాకా చెప్పకుండా లాక్కొచ్చావు. సమస్యాపాదం వచ్చి కూర్చోగానే ముడి విడిపోయింది. మొదటి పద్యంలో వెలుగుని శత్రువుగా చూపించావు. ఇందులో మన గెలుపే దానికి అడ్డు తీసేసింది. కారణం దొరికింది.

భీమవరం మాష్టారు:
భావానికి నూటికి నూరు. కానీ ‘శాంతేది’ కుదరదమ్మా. శాంతి తత్సమం. దాని ఇకారానికి సంధి లేదు, యడాగమం వచ్చి ‘శాంతి యేది’ అవుతుంది. అప్పుడు ఒక అక్షరం పెరిగి గణం చెడుతుంది. ‘జగతికి సుఖమేది’ అని చూడు. ‘సుఖము’లో ఉకారం పోయి సంధి చక్కగా జరుగుతుంది, సలం కూడా కుదురుతుంది.

విశాఖ చెల్లెలు:
మార్చుకున్నాను మాష్టారూ. ధన్యవాదాలు.

హన్మకొండ తమ్ముడు:
నాకు పద్యాలు కొత్త. తప్పులుంటే దిద్దండి. అదే స్మాష్ బ్రదర్స్ వరసలో 2008 నాటి బ్రాల్ గేములోని సబ్‌స్పేస్ కథ మీద రాశాను. బౌజర్ వెనక గేనన్‌డార్ఫ్, అతని వెనక మాస్టర్ హ్యాండ్, ఆ చెయ్యి వెనక టాబూ. ఇలా విలన్ వెనక విలన్.

బొమ్మ వెనుక బొమ్మ, బూచి వెనుక బూచి
చివరికి అందరి వెనక టాబు
రెక్క విప్పినంత రేఁగెడు కాంతితో
వెలుగె లోకమునకు విలయ మయ్యె.

నిర్వాహకుడు:
తమ్ముడూ, మొదటి పాదం చదివి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. కొత్తవాడి చేతినుంచి రావలసిన పాదం కాదది. బొమ్మ అంటే స్మాష్ లోకంలో ఓడినవాడు మారిపోయే ట్రోఫీ, బూచి అంటే ఆడించేవాడు. రెండు మాటల్లో కథ మొత్తం చెప్పేశావు. ‘బొ’కి ‘బూ’తో యతి కూడా చక్కగా కుదిరింది.

రెండో పాదమే తడబడింది. విడదీసి చూద్దాం. ‘చివరి’ నగణం, బాగుంది. తర్వాత ‘కి అం’ అంటే లఘువు, గురువు. అది సూర్యగణం కాదు. పైగా ‘చివరికి అందరి’ అని అచ్చుని అలా వదిలేస్తే విసంధి అవుతుంది. ఇలా దిద్దుకో: ‘యట్టడుగునఁ జూడ నతఁడె టాబు’. అట్ట, డుగున, జూడ, నతఁడె, టాబు. ‘అ’కి ‘నతఁడె’లోని అకారంతో యతి చెల్లుతుంది.

డాలస్ అక్కయ్య:
తమ్ముడూ, మూడో పాదం గురించి నేనొక మాట చెప్తాను. టాబూ రెక్కలు విప్పి విసిరే అలల్ని కాంతి అన్నావు. అది సరే. కానీ నీ కథలోనే అంతకన్నా గట్టి ఆధారం ఉంది, దాన్ని వదిలేశావు. గేనన్‌డార్ఫ్ తన యజమాని అనుకున్న మాస్టర్ హ్యాండ్ దగ్గరికి వెళ్తాడు. అక్కడ ఆ చెయ్యి కాంతి గొలుసులతో కట్టేసి ఉంటుంది. తాను ఇన్నాళ్ళూ ఎవరి బొమ్మో అప్పుడు తెలుస్తుంది అతనికి. ఆ గొలుసుని పద్యంలోకి తెచ్చుకో:

కరము కట్టినట్టి కాంతిగొలుసుఁ జూడ

హన్మకొండ తమ్ముడు:
అక్కా! ఆ గొలుసు నాకు తట్టనే లేదు. మొత్తం ఇలా అయింది:

బొమ్మ వెనుక బొమ్మ, బూచి వెనుక బూచి;
యట్టడుగునఁ జూడ నతఁడె టాబు;
కరము కట్టినట్టి కాంతిగొలుసుఁ జూడ
వెలుగె లోకమునకు విలయ మయ్యె.

భీమవరం మాష్టారు:
‘చూడ’ రెండుసార్లు పడింది. రెండో పాదంలో ‘అట్టడుగున నున్న యతఁడె టాబు’ అంటే ఆ దోషం పోతుంది. అక్కడ ‘నున్న’ గలమే, ‘యతఁడె’ నగణమే.

నిర్వాహకుడు:
అవును, అలాగే ఖాయం చేద్దాం. ఈ కథలో నన్ను ఇప్పటికీ తొలిచే ప్రశ్న ఒకటుంది, పనిలో పనిగా అడుగుతున్నాను. డెడెడె రాజు ముందుగానే పతకాలు తయారుచేసి కొందరు వీరులకి తగిలిస్తాడు. టాబూ అందర్నీ బొమ్మలు చేశాక లూయిజీ, నెస్ లేచి నిలబడేది వాటివల్లే. ఈ ముప్పు వస్తుందని డెడెడెకి ఎలా తెలుసు? ఒకప్పుడు గేనన్‌డార్ఫ్ పక్షాన ఉన్నాడని కొందరంటారు. నాకా ఊహ రుచించదు. బొమ్మల్ని దొంగిలించి తిరిగినవాడికి బొమ్మ ఎలా లేస్తుందో తెలియడంలో ఆశ్చర్యం లేదని నేను అనుకుంటాను. ఎవరైనా దీనిమీద పద్యం రాస్తే సంతోషిస్తాను.

డాలస్ అక్కయ్య:
ఇక నా వంతు. నాది ‘8-బిట్ థియేటర్’. 2001లో మొదలై 2010లో ముగిసిన వెబ్‌కామిక్. 1987 నాటి మొదటి ఫైనల్ ఫాంటసీ గేము బొమ్మలతోనే బ్రయన్ క్లెవింజర్ అల్లుకుపోయాడు. నేను చదువుకునే రోజుల్లో కొత్త పేజీ వచ్చినప్పుడల్లా స్నేహితురాళ్ళం కూర్చుని అసలు విలన్ ఎవరని వాదించుకునేవాళ్ళం. గేములోని చివరి విలన్ కేయాస్ అని కొందరం, నాయకుల్లో ఒకడైన బ్లాక్ మేజే అని కొందరం. సార్డ అనే మహా మాంత్రికుడు కథానాయకులు నలుగుర్నీ ఎందుకు అంతలా వేధిస్తున్నాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. చివరికి తెలిసింది. ఆ ‘లైట్ వారియర్స్’ పోయిన చోటల్లా ఒక పసివాడి ఆశ్రయం నాశనమవుతూ వచ్చింది. మేం నవ్వుకుని పేజీ తిప్పేసిన పిల్లవాడు. ఆ పిల్లవాడే పెద్దవాడై, కాలంలో వెనక్కి వెళ్ళి, సార్డ అయ్యాడు.

పసితనమ్మునందె బతుకార్పిరని సార్డ
కాలమెల్ల నెదురు కాచె నయ్యొ;
వెలుగు వీరు లనెడి బిరుదున్న వారిచే
వెలుగె లోకమునకు విలయ మయ్యె.

కర్నూలు మిత్రుడు:
అక్కా, ‘బతుకార్పిరని’ అన్న క్రియ ఒక్కటి చాలు. దీపం ఆర్పడం అన్న భావం వెలుగు వీరులమీదే పడింది. ‘కాలమెల్ల నెదురు కాచె’లో కాలప్రయాణం కూడా ఇమిడింది. కాలం పొడుగునా కాచాడు, నిజంగానే.

భీమవరం మాష్టారు:
‘వెలుగు’ మూడో పాదంలో, నాలుగో పాదంలో వరసగా వచ్చింది. సమస్యాపాదంలోని మాటని ముందే వాడేస్తే దాని పదును తగ్గుతుందని మా గురువుగారి కాలం నుంచీ ఉన్న మాట.

నిర్వాహకుడు:
మాష్టారూ, ఇక్కడ మాత్రం మీతో విభేదిస్తాను. ఆ బిరుదు పేరే ఈ పూరణకి ప్రాణం. దాన్ని తీసేసి ‘దుష్టులైన నలువురు’ అంటే ఎవరి మాటకీ వర్తించే పద్యమైపోతుంది. బిరుదు ముందు, దాని ఫలం తర్వాత. ఆ వరసలోనే బాధ ఉంది.

నాకు ఈ పద్యంలో నచ్చింది మరొకటి. నవ్వించడానికి పెట్టిన చిన్న పాత్రని చదువరులు లెక్కలోంచి తీసేశారు. ఆధారం మొదటినుంచీ కళ్ళెదుటే ఉంది. ఊహలు కట్టేవాళ్ళు పెద్ద పెద్ద పేర్ల చుట్టూ తిరిగారు. కేయాస్‌ని నలుగురు వైట్ మేజ్‌లు తెరవెనకే ముగించేశారని తెలిసినప్పుడు కోప్పడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకైతే అదే సరైన ముగింపు అనిపిస్తుంది. కథ సార్డది అయినప్పుడు కేయాస్‌తో యుద్ధానికి పేజీలు ఎందుకివ్వాలి?

కర్నూలు మిత్రుడు:
ఆ మాటమీద నాకు కొంచెం అసమ్మతి ఉంది. కేయాస్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. కామిక్ పక్కనపెట్టి అసలు గేము చూడండి. గార్లాండ్ అనే సైనికుడు రాకుమారి సారాని ఎత్తుకుపోతాడు. వెలుగు వీరులు మొట్టమొదట ఓడించేది అతన్నే. పోయాడనుకుంటాం. చివరికి చూస్తే, నాలుగు భూతాలు అతన్ని రెండువేల ఏళ్ళ వెనక్కి పంపుతాయి, అతను అక్కడినుంచి ఆ భూతాల్నే ముందుకు పంపుతాడు. ఈ చక్రంలో అతనే కేయాస్ అవుతాడు. విత్తు ముందా, చెట్టు ముందా?

వేల యేండ్ల వెనుక వెలసె కేయాసుగా
చచ్చె ననిన ఖలుఁడు, జయమె తుదకు
చీఁకటికిని విత్తు చేతులారఁగ నాటె;
వెలుగె లోకమునకు విలయ మయ్యె.

విశాఖ చెల్లెలు:
అన్నా, ‘జయమె తుదకు చీకటికి విత్తు నాటె’ చదివి ఒళ్ళు గగుర్పొడిచింది. మొదటి విలన్‌ని చంపడమే చివరి విలన్‌ని పుట్టించడం.

భీమవరం మాష్టారు:
సరళాదేశం వదిలేసి మంచిపని చేశావు నాయనా. ‘వెలసెఁ గేయాసుగా’ అంటే ఏదో గేయం అనుకునేవాళ్ళు. ‘చ’కి ‘జ’తో, ‘చీ’కి ‘చే’తో యతులు బాగా నప్పాయి. ‘చీఁకటికిని’లో ‘ని’ పాదపూరణకే వచ్చింది గాని చెవికి అడ్డు తగల్లేదు.

డాలస్ అక్కయ్య:
ఇప్పుడు నా సార్డని, మీ గార్లాండ్‌ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకోటి కనబడుతోంది. ఇద్దరూ వెలుగు వీరుల చేతిలో దెబ్బ తిన్నవాళ్ళే, ఇద్దరూ కాలంలో వెనక్కి వెళ్ళినవాళ్ళే. క్లెవింజర్ గేములోని ఆ చక్రాన్నే తీసుకుని దుష్టుడి చోట పసివాడిని కూర్చోబెట్టాడేమో. అలాగైతే సార్డ కథ ఎక్కడినుంచో ఊడిపడలేదు, గేము గర్భంలోంచే వచ్చింది.

నిర్వాహకుడు:
అక్కయ్యా, ఈ చర్చలో నేను చదివిన ఊహలన్నిటిలోకీ ఇదే బలమైనది. బయటి సరుకు ఒక్కటి లేదు. రెండు కథల్లోనూ ఉన్నదాన్నే కలిపి చూపించారు.

నిర్ణయం: ఈ వారం ఉత్తమ పూరణ కర్నూలు మిత్రుడిది. వెలుగు చేసిన మంచిపనే కీడుకి మూలమైందని మూడు పాదాల్లో బిగించి చెప్పారు. విశాఖ చెల్లెలి రెండో పద్యం దానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. హన్మకొండ తమ్ముడు వచ్చే వారం తప్పకుండా రావాలి, ఆ మొదటి పాదం రాసిన చెయ్యి ఆగకూడదు.

గార్లాండ్ మాట వచ్చింది కనక వచ్చే వారం సమస్య కూడా అతని ఇంటినుంచే ఇస్తున్నాను, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే. ఆదివారం రాత్రిదాకా పూరణలు పంపవచ్చు.

రాక్షసుని హరించె రాజపుత్రి